ఎగుమతులు పెద్దగా మారకపోయినా మా అట్టపెట్టెల ఆర్డర్లు ఎందుకు ఇంతగా ఊగుతున్నాయి?

ప్రశ్న — అట్టపెట్టెల యూనిట్, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరులో మాకు అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఒకటి ఉంది. మా జిల్లాలోనూ ఒంగోలు వైపూ ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు మాస్టర్ కార్టన్లూ (బయటి పెద్ద అట్టపెట్టెలు), వాటి లోపల పెట్టే మైనం పూత డబ్బాలూ సరఫరా చేస్తాము. అట్టకు వాడే క్రాఫ్ట్ పేపర్ అనే గట్టి కాగితపు రీళ్లు తమిళనాడు మిల్లుల నుంచి వస్తాయి. ఆర్డరు పెట్టిన తరువాత లారీ మా గేటు దగ్గరికి రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ప్లాంటువారు మాత్రం మాకు మూడు రోజుల గడువు ఇవ్వడమే గొప్ప.

నా సందేహం ఇది. దేశం నుంచి 2023-24లో 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయనీ, 2024-25లో 16.98 లక్షల టన్నులు వెళ్లాయనీ అధికారిక లెక్కలు చెబుతున్నాయి. తగ్గినది అయిదు శాతం కూడా లేదు. మాకు వచ్చే ఆర్డర్లు చూస్తే ఒక నెల రెట్టింపవుతాయి, మరుసటి నెల సగానికి పడిపోతాయి, ఆపై నెల ఫోన్ చేసినా ఎత్తేవారుండరు. రొయ్యల వ్యాపారం అంత నిలకడగా ఉంటే దానికి పెట్టెలు కట్టే మాకు ఈ ఊపు ఎక్కడి నుంచి వస్తోంది? పేపరు ఎంత నిల్వ ఉంచుకుంటే సరిపోతుందో లెక్కగట్టే పద్ధతి ఏదైనా ఉందా?

ఇంకొక బాధ కూడా ఉంది. ప్రతి పెట్టె మీదా విదేశీ కొనుగోలుదారు బ్రాండు అచ్చువేయాలి కనుక ఒకరు వద్దన్న పెట్టెలు మరొకరికి పనికిరావు. కార్తీక మాసపు వానలకు గోడౌన్‌లో అవి చెమ్మ పీల్చుకుని, అంచు మీద బొటనవేలితో నొక్కితే లోపలి మడతలు అణిగిపోయేంత మెత్తబడతాయి. ఆ తరువాత వాటిని తూకానికి అమ్మడం తప్ప దారి లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు — ప్లాంటు కొనుగోళ్ల విభాగంలో ఉద్యోగి, ప్రకాశం జిల్లా

మీరు ఫోన్ చేస్తే ఎత్తని వర్గానికి చెందినవాడినే కనుక మా వైపు నుంచి ఈ ఆర్డరు ఎలా పుడుతుందో చెబుతాను.

అమెరికా కొనుగోలుదారు మాకు ఆర్డరు ఇచ్చేటప్పుడు పౌండు బరువుకు ఎన్ని రొయ్యలు తూగాలో చెబుతాడు. గుంట దగ్గర రైతు కిలోకు ఎన్ని తూగుతాయో చెబుతాడు, అదీ తలతో సహా. దానినే కౌంటు అంటాము, అంకె పెరిగే కొద్దీ రొయ్య చిన్నదన్నమాట. కొనుగోలుదారు అడిగిన సైజు తలా పొట్టూ తీసిన తరువాత రావాలంటే గుంటలో ఏ కౌంటు రొయ్య కొనాలో మేము వెనక్కి లెక్కవేసుకుని ఏజెంట్లకు చెబుతాము. అయితే పట్టుబడి మా చేతిలో ఉండదు. మేము ముప్పై కౌంటు కోసం ఎదురుచూస్తుంటే విడవలూరులోనో కొత్తపట్నంలోనో తెల్లమచ్చ తెగులు సోకిందనే వార్త వస్తుంది, చుట్టుపక్కల రైతులందరూ ఉన్నది ఉన్నట్టు పట్టేస్తారు, రాత్రికి రాత్రి ప్లాంటుకు వంద కౌంటు రొయ్య లారీల మీద లారీలుగా వచ్చి పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నా ఇదే జరుగుతుంది. ఐసులో ఉన్న రొయ్య ఆగదు. దానిని వెంటనే శుభ్రంచేసి గడ్డకట్టించి పెట్టెలోకి ఎక్కించాలి. మొన్న మీకు చెప్పిన పెట్టె అప్పుడు పనికిరాదు, మరొక కొలత పెట్టె ఎల్లుండికల్లా కావాలి. మీకు మూడు రోజుల గడువు కూడా ఇవ్వకపోవడానికి కారణం అహంకారం కాదు, మాకే ముందురోజు వరకు తెలియకపోవడం.

ఇందులో మా విభాగాలు చేసేది కూడా కొంత ఉంది. వేసవి పంట పట్టుబడులు ముమ్మరంగా ఉన్నప్పుడు పెట్టెలకు కటకట వస్తుందన్న భయంతో చాలా ప్లాంట్లు ఒకే అవసరానికి ఇద్దరు ముగ్గురు సరఫరాదారులకు ఆర్డరు పెడతాయి. ముందు తెచ్చినవారి సరుకు దించుకుని మిగిలినవి ఆపేయమంటాయి. మీకు రెట్టింపుగా కనిపించిన నెలలో నిజంగా వాడుక రెట్టింపు అయి ఉండదు. ఒకే కంటైనరుకు మీరు, మీ పోటీదారు, చెన్నై నుంచి తెచ్చే మరొకరు ముగ్గురూ పేపరు కొని ఉంటారు.

జవాబు — విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, కావలి

పైన మిత్రుడు చెప్పినది చాలా విలువైన సమాచారం. దానికి శాస్త్రంలో ఉన్న స్థానాన్ని చెప్పి, తరువాత మీ పేపరు లెక్కకు వస్తాను.

ముందుగా ఒక సవరణ. మీరు చూపిన రెండు అంకెలు సంవత్సరానివి. పన్నెండు నెలల ఎత్తుపల్లాలు కూడితే అవి ఒకదానినొకటి కప్పుకుంటాయి కనుక సాలుసరి లెక్క ఎప్పుడూ నిజం కంటే సాఫీగా కనిపిస్తుంది. అయినా మీ అనుమానం సరైనదే. చివరి వినియోగదారు దగ్గర కొద్దిగా ఉన్న మార్పు గొలుసులో వెనక్కి వెళ్లే కొద్దీ పెరుగుతూ పోవడాన్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ 1960ల ప్రారంభంలోనే వివరించారు. తరువాత దానికి బుల్‌విప్ ఎఫెక్ట్ అనే పేరు స్థిరపడింది. చర్నాకోల పట్టిన మణికట్టు కాస్త కదిలితే కొస బారెడు ఊగినట్టు, అమెరికాలో సూపర్‌మార్కెట్ అమ్మకం కొద్దిగా కదిలితే నెల్లూరులో మీ పేపరు రీలు ఊగుతుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ఈ సంగతిని పసిపిల్లల డయాపర్ల విషయంలో గమనించింది. పిల్లల వాడకం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. దుకాణాల అమ్మకంలో హెచ్చుతగ్గులు కొద్దిగానే ఉన్నా, పంపిణీదారుల నుంచి సంస్థకు వచ్చే ఆర్డర్లలో అవి బాగా పెరిగి కనిపించాయి.

1997లో హావ్ లీ, ఆయన సహ పరిశోధకులు దీనికి నాలుగు కారణాలు చూపారు. మీ విషయంలో నాలుగూ ఉన్నాయనే నా అభిప్రాయం. కటకట భయంతో ఎక్కువ ఆర్డరు పెట్టడం గురించి పై మిత్రుడే చెప్పారు. రెండవది, ప్రతి అంచెలోనివారూ తమకు అందిన ఆర్డరునే గిరాకీ అనుకుని దాని మీద తమ అంచనా కట్టడం. దిగుమతిదారు పది శాతం పెంచితే ప్లాంటు దాని మీద కొంత ముందుజాగ్రత్త కలుపుతుంది, ఆ పెరిగిన అంకె మీద మీరు మరికొంత కలిపి మిల్లుకు చెబుతారు. మూడవది, రవాణా ఖర్చు కలిసివస్తుందని విడతలుగా కాక గుత్తగా ఆర్డరు పెట్టడం. మీరు కూడా లారీ నిండా రీళ్లు తెప్పించుకుంటారే తప్ప వారానికి రెండు రీళ్లు తెప్పించుకోరు కదా. మిల్లువాడి దృష్టిలో ఊగుతున్నది మీరే.

నాలుగవది ధర మారుతుందన్న భయం లేదా ఆశ. దీనికి 2025 కంటే మంచి ఉదాహరణ ఉండదు. ఏప్రిల్‌లో అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించి వెంటనే తొంభై రోజులు వాయిదా వేసింది. ఆ వ్యవధిలోనే సరుకు దింపుకోవాలని దిగుమతిదారులు తొందరపడ్డారు, ప్లాంట్లు రాత్రింబగళ్లు పనిచేశాయి. ఆగస్టు 27 నుంచి అదనపు సుంకం 50 శాతానికి చేరేసరికి ఆర్డర్లు ఆగాయి. మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకమూ, ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకమూ దీనికి అదనం. ఆ నెలల్లో అమెరికన్లు తినే రొయ్య ఒక్కసారిగా పెరగనూ లేదు, తరగనూ లేదు. మారినది సరుకు కదిలిన వేళ మాత్రమే. ఆ వేసవి ఆర్డర్లను చూసి ఎవరైనా కొత్త యంత్రానికి అప్పు తెచ్చి ఉంటే ఇప్పుడు ఆ వాయిదాలు కడుతూ ఉంటారు.

ఇక నిల్వ లెక్క. సగటున వారానికి నాలుగు వేల పెట్టెలకు సరిపడే పేపరు మీకు ఖర్చవుతుందనుకుందాం. వారానికీ వారానికీ మధ్య ఉండే హెచ్చుతగ్గు, అంటే ప్రామాణిక విచలనం, వెయ్యి పెట్టెలనుకుందాం. మిల్లు నుంచి రావడానికి మూడు వారాలు. నూటికి తొంభై అయిదు సందర్భాలలో పేపరు అయిపోకుండా ఉండాలంటే ఆ వెయ్యిని మూడుకు వర్గమూలమైన 1.73తోనూ, ఆపై 95 శాతానికి గణాంక పట్టికలు ఇచ్చే 1.65తోనూ గుణించాలి. సుమారు 2,860 పెట్టెల పేపరు మీ భద్రతా నిల్వ. మూడు వారాల వాడుక పన్నెండు వేలు దానికి కలిపితే, చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిసి దాదాపు పదిహేను వేల పెట్టెల స్థాయికి దిగగానే మిల్లుకు ఆర్డరు వెళ్లాలి. అదే పేపరు వారంలో దొరికితే ఆ స్థాయి 5,650కి దిగుతుంది. కాబట్టి మామూలు వాడుకకు మిల్లు, హఠాత్తుగా వచ్చే అవసరానికి కిలోకు కొంత ఎక్కువ తీసుకున్నా వారంలోపు ఇచ్చే దగ్గరి పేపరు వ్యాపారి, ఇలా రెండు దారులు పెట్టుకోవడం మీకు చౌక పడవచ్చు. ఆ ఎక్కువ ధరను గోడౌన్‌లో చెమ్మపట్టే సరుకు నష్టంతోనూ, దాని మీద బ్యాంకు వడ్డీతోనూ పోల్చి చూడండి.

ఈ లెక్కకు మీరు తీసుకునే అంకెలు ప్లాంటు పెట్టిన ఆర్డర్లు కాకూడదు. నిజంగా ఎన్ని పెట్టెలు కంటైనర్లలోకి ఎక్కాయో అడిగి ఆ అంకెలు తీసుకోండి. రద్దయిన ఆర్డర్లతో విచలనం కడితే ఊపును మీరే మీ గోడౌన్‌లోకి తెచ్చుకున్నవారవుతారు. ఏమీ లేని నెలలూ, సుంకాల వంటి కుదుపులూ ఈ సూత్రానికి లొంగవని కూడా గుర్తుంచుకోవాలి. అది మామూలు రోజులకు మాత్రమే.

అచ్చువేసిన పెట్టెల విషయానికి వస్తే, బెనెటన్ వస్త్ర సంస్థ స్వెటర్లను రంగు వేయకుండా అల్లి ఉంచుకుని, ఏ రంగుకు గిరాకీ ఉందో తెలిసిన తరువాతే రంగువేసేది. సరుకు ఒకరికే పనికివచ్చేలా మారే దశను వీలైనంత చివరికి జరపడమే అందులోని కిటుకు. మీరు నిల్వ ఉంచవలసింది పెట్టెలు కాదు, అచ్చులేని రీళ్లూ షీట్లూ. ప్లాంట్లు అడిగే కొలతలలో ఒకే డెకిల్ (రీలు వెడల్పు), ఒకే జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న రీలు నుంచి కోయదగినవి ఎన్ని ఉన్నాయో చూసి రీళ్ల రకాలు తగ్గించుకోండి. బ్రాండు ముద్ర ఖరారు ఆర్డరు చేతికి వచ్చాకే పడాలి.

జవాబు — పొగాకు రైతు, టంగుటూరు

మాస్టారు చెప్పిన దానికి మా పంట నుంచి ఒక మాట కలపాలనిపించింది. రొయ్యలో ఎవరి అంచనా వారిది, ఎవరికీ ఎవరూ చెప్పుకోరు. పొగాకులో అలా కాదు. 1976లో పనిచేయడం మొదలుపెట్టిన పొగాకు బోర్డు ప్రతి సంవత్సరం సిగరెట్టు కంపెనీలనూ, ఎగుమతిదారులనూ ఎంత కావాలని ముందుగానే అడిగి, దానిని బట్టి రాష్ట్రానికి పంట పరిమితి నిర్ణయిస్తుంది. బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) లెక్కన మాకు కోటా వస్తుంది. టంగుటూరు, కొండపి వంటి వేలం కేంద్రాలలో ఏ గ్రేడుకు ఎంత పలికిందో ఆ పూటే అందరికీ తెలుస్తుంది.

అంత మాత్రాన మా బతుకు సాఫీగా ఉందని అనుకోకండి. కిందటేడు ధర బాగుందంటే కోటా మించి వేసేవారు ఉంటారు, కంపెనీలు అడిగినంతా కొనని సంవత్సరాలూ ఉంటాయి. ముందు మాట ఇవ్వడం వేరు, ఆ మాట తప్పితే నష్టం ఎవరిదో రాసుకోవడం వేరు. మీరు ప్లాంట్లను అంచనాలు అడగడం మంచిదే గాని, అంచనాతో ఆగిపోతే మా గ్రేడు తగ్గిన బేళ్ల మాదిరిగా మీ పెట్టెలు మీ గోడౌన్‌లోనే ఉంటాయి.

అడిగిన వారు

అందరికీ ధన్యవాదాలు. రీళ్ల రకాలు తగ్గించే పని ఈ వారమే మొదలుపెడుతున్నాము. మాస్టారూ, ఇంకొక సందేహం. మేము సరఫరా చేసే ప్లాంటు ఒకటి కొత్త ప్రతిపాదన తెచ్చింది. మా పెట్టెలను వారి గోడౌన్‌లోనే ఉంచాలట, వాడినప్పుడు వాడినంతకే బిల్లు తీసుకుంటారట. వాల్‌మార్ట్ వంటి పెద్ద సంస్థలన్నీ ఇదే పద్ధతిలో నడుస్తున్నాయని వారి మేనేజరు చెప్పారు. దీనికి ఒప్పుకోవచ్చా? అసలే బిల్లులు మూడు నెలలకు గాని రావడం లేదు.

జవాబు — విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, కావలి

ఆ మేనేజరు సగమే చెప్పారు. వాల్‌మార్ట్, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కలిసి 1980ల చివర మొదలుపెట్టిన ఏర్పాటులో దుకాణాల అమ్మకాల వివరాలు నేరుగా సరఫరాదారుకు అందేవి, ఎంత నింపాలో సరఫరాదారే నిర్ణయించేవాడు. అందులో ప్రాణం సమాచారం. మీకు చెప్పిన ఏర్పాటులో సమాచారం రాదు, సరుకు భారం మాత్రం వారి పుస్తకాల నుంచి మీ పుస్తకాలలోకి మారుతుంది. వారంవారం వాడుక లెక్కా, రాబోయే నాలుగు వారాల ప్యాకింగ్ ప్రణాళికా మీకు పంపుతామంటే ఆలోచించండి, లేకుంటే వద్దు.

బేరానికి మీ వద్ద బలం లేదని కూడా అనుకోకండి. కొనుగోళ్ల నిర్వహణ మీద రాసిన పీటర్ క్రాల్జిక్ 1983లో కొనుగోళ్లను వర్గీకరిస్తూ, ఖర్చు స్వల్పమే అయినా దొరకకపోతే పని మొత్తం ఆగిపోయే వస్తువులను ప్రత్యేకంగా చూడాలన్నారు. కంటైనరులోని రొయ్యల విలువ ముందు మీ పెట్టెల ఖరీదు లెక్కలోకి రాదు, పెట్టె లేకపోతే ఆ కంటైనరు ఓడ ఎక్కదు.

జవాబు — ప్లాంటు కొనుగోళ్ల విభాగంలో ఉద్యోగి, ప్రకాశం జిల్లా

మాస్టారి మాటతో ఏకీభవిస్తూనే ఒక్కటి చెబుతాను. ప్యాకింగ్ ప్రణాళిక బయటికి ఇవ్వడానికి మా యాజమాన్యాలు జంకుతాయి, ఎందుకంటే ఏ కొనుగోలుదారుకు ఎంత వెళుతోందో పోటీ ప్లాంట్లకు తెలిసిపోతుందన్న భయం. బ్రాండు పేరు లేకుండా పెట్టె కొలతల వారీగా మాత్రమే అడగండి. ఆ వివరం ఇవ్వడానికి అభ్యంతరం ఉండదు, మీకు కావలసిందీ అంతే.

జవాబు — చిన్న పరిశ్రమల అకౌంట్లు చూసేవారు, నెల్లూరు

బిల్లుల ఆలస్యం గురించి రాశారు కనుక ఇది చెప్పడం అవసరం. మీరు ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీదారు అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజులకు మించి గడువు పెట్టుకోకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీగా పడుతుంది. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ మార్పు వచ్చింది, గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి కూడా మీకు చెల్లించని మొత్తాన్ని ప్లాంటు ఆ సంవత్సరపు ఖర్చుగా చూపుకోలేదు. మంచి ఖాతాదారు మీద ఫిర్యాదుకు వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక మార్చి నెలలో వారి ఆడిటరుకు ఈ సంగతి మర్యాదగా గుర్తుచేస్తూ ఒక ఉత్తరం పంపడం ఎక్కువ పనిచేస్తుంది. ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికల మీద ప్లాంటు మీ బిల్లును అంగీకరిస్తే బ్యాంకులు డిస్కౌంటుకు సొమ్ము ముందే ఇస్తాయి. ప్లాంటు తరువాత కట్టకపోయినా బ్యాంకు మీ మీదికి రాదు.

ఇక మీకు చెప్పిన కొత్త ఏర్పాటులో నాకు కనిపించే ప్రమాదం గడువు లెక్కలోనే ఉంది. వాడినప్పుడే కొన్నట్టు అని రాసుకుంటే 45 రోజులు ఆ రోజు నుంచే మొదలవుతాయి. పెట్టెలు వారి గోడౌన్‌లో నాలుగు నెలలు పడి ఉన్నా చట్టం దృష్టిలో ఆలస్యం లేనట్టే. అమ్మకం ఖరారు కాకుండా ఆమోదం మీద పంపిన సరుకుకు జీఎస్టీలో ఆరు నెలలలోపు ఇన్వాయిస్ తప్పనిసరి కనుక, పెట్టె అమ్ముడుపోకుండానే మీరు పన్ను కట్టవలసి రావచ్చు. ఒప్పుకునేటట్లయితే ఒప్పందంలో రెండు షరతులు రాయించుకోండి. పెట్టె వారి గోడౌన్‌లో దిగిన ముప్పై రోజులకు, వాడినా వాడకపోయినా, అది అమ్ముడైనట్టు లెక్క. వారి బ్రాండు అచ్చువేసిన తరువాత ఆర్డరు రద్దు చేస్తే ఆ పెట్టెల పూర్తి ఖరీదు, చెమ్మకు పాడైనవాటితో సహా, వారిదే.